దేవుడి మీద వేసిన నేరం

పదకొండేళ్ళుగా ఒక పని బరువు మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు. ఎరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ళకు ఒకటి రెండుసార్లు చెప్పబోయాను. మాట సగంలో ఉండగానే నా చెయ్యి పట్టుకుని "నువ్వసుంటిదానివి కాదు" అన్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం హాయిగా ఉండింది. ఆ హాయి కూడా తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది.

చుట్టూ తిరగకుండా ముందే చెప్పేస్తాను. తిరగడం మొదలుపెడితే ఇంకేదో చెప్పి లేచిపోతానని నా భయం. ఒక ఆడమనిషి నన్ను నమ్మి చెప్పుకున్న రహస్యాన్ని పదిమందిలో బయటపెట్టాను. దానితో ఆమె భర్త పని పోయింది. ప్రార్థనలో నోరు జారిందని అందరూ అనుకున్నారు. నోరు జారలేదు.

మాది గోదావరిఖని. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లు దాటినాక, రేకుల కప్పు వేసిన రెండు గదులు మావి. జాకెట్లు కుడతాను. నేను బడికి పోలేదు. మా బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఒంటి మీది బొగ్గు కడుక్కుని, అన్నం తినకముందే పలక పట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. వాక్యం చదువుకోగలిగితే చాలు, ఇంకేం చదువు కావాలె అనేవాడు. ఆ చదువుతోనే మా చిన్న సంఘంలో పేర్ల పుస్తకం రాసే పని నాకు దొరికింది. ఎవరింట బిడ్డ పుట్టినా, ఎవరు బాప్తిస్మం పొందినా ఆ పుస్తకంలో నా చేతిరాతే. దేవుడు నాకు చేసిన మేళ్ళు తక్కువేం కావు. కళ్ళు బాగున్నాయి, మిషను నడుస్తోంది, కొడుకు తాగుడు నేర్చుకోలేదు. పొద్దున లేస్తే వాటన్నిటికీ స్తోత్రం చెప్పుకుంటాను. దొంగ స్తోత్రాలు కావు, నిజంగానే చెప్పుకుంటాను. నాకు అర్థం కానిది అదే. ఆ కృతజ్ఞతా, ఆ పనీ, రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉండగలిగాయి?

సుగుణ మా వెనక వరస క్వార్టర్లో ఉండేది. నాకంటే పదేళ్ళు చిన్న. భర్త బాయి లోపల బొగ్గు నింపే పని చేసేవాడు. పేరు పోశం. కాలనీలో చిన్నాపెద్దా అందరికీ పోశమే. ఆయనకు దగ్గు పట్టుకున్నాక సుగుణ మా సంఘానికి రావడం మొదలుపెట్టింది. తర్వాత ఆయన్నీ తీసుకొచ్చింది. ఇద్దరూ బాప్తిస్మం తీసుకుంటామన్నారు.

ఒక మధ్యాహ్నం జాకెట్ గుడ్డ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గుడ్డ నా చేతికివ్వకుండా మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. చివరికి అడిగింది, నీళ్ళలో ముంచేటప్పుడు పాస్టరుగారు ఏ పేరు పెట్టి పిలుస్తారని. పోశం అనే పిలుస్తారు, ఇంకేమని పిలుస్తారు అన్నాను.

"గదేనక్కా నా ఫికరు. పోశం మా బావ పేరు. ఈయన ఎల్లయ్య."

బొగ్గుబాయిల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వింత కాదు. పాత రోజుల్లో పనికి పేరు రాయించుకున్న మనిషి మొదటి రోజే లోపలి చీకటికి జడిసి ఊరికి పారిపోతే, ఆ పేరు వృథా పోనీయకుండా తమ్ముడో బావమరిదో దిగేవాడు. మారుపేరు అంటారు. సుగుణ బావ కూడా అట్లానే ఒక్కరోజు దిగి, పైకి వచ్చి, జైపూర్ పక్కన తమ ఊళ్ళో ఉన్న ఎకరం చెలకకు తిరిగి వెళ్ళిపోయాడు. తమ్ముడు ఎల్లయ్య తన అన్న పేరు తొడుక్కుని ఇరవై ఏళ్ళు బాయిలోకి దిగాడు. సొంత పేరు పెట్టి పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతేనట. ఆమె కూడా పోయింది.

"దేవుడు గుడ హాజరు పుస్తకం జూసే పిలుస్తడా ఏంది" అని సుగుణ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఇది పాపమా అని అడిగింది. అబద్ధపు పేరుతో తిన్న అన్నమంతా పాపమేనా? ఏ పేరుతో మునిగితే దేవుడు ఒప్పుకుంటాడు?

నేనేం చెప్పానో బాగా గుర్తుంది. ఎవరికీ చెప్పకు, నేను ప్రార్థన చేస్తాను అన్నాను. ఆ క్షణంలో నా మనసులో ఏ చెడూ లేదు. ఇది నేను చూసుకున్నాను, ఎన్నోసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. లేదు. ఆమె వెళ్ళిపోయాక మిషను ముందు కూర్చున్నాను. అప్పుడు వచ్చింది.

నా భర్తది సొంత పేరు. మారుపేరు కాదు, అరువు పేరు కాదు. తాగుడుకు పడి నాగాలు ఎక్కువైతే పనిలోంచి తీసేశారు. తీసేసిన ఏడాదిలోనే ఆయన పోయాడు. పనిలో ఉండగా పోతే కొడుక్కి బాయి పని వచ్చేది. పనిలోంచి తీసేశాక పోయినవాడి కొడుక్కి ఏమీ రాదు. నా కొడుకు బస్టాండు దగ్గర ఎవరిదో ఆటో తోలుతున్నాడు. ఎల్లయ్యకు దగ్గు ముదిరింది, ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాసివ్వబోతున్నారు, కాగితాలు నడుస్తున్నాయి. అవి నడిస్తే ఆ పని సుగుణ కొడుకు కిరణ్‌కు వస్తుంది. అబద్ధపు పేరు మీద. నిజమైన పేరున్న మాకు రేకుల కప్పు.

ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. పెద్ద కారణం ఉంటే బాగుండునని వెతుక్కున్నాను కూడా.

ఆ శుక్రవారం సాయంత్రం శాంతమ్మ అనే మా సంఘపు ఆమె ఇంట్లో కూడిక జరిగింది. పదిహేను మంది ఉంటాం. సుగుణ వాళ్ళు రాలేదు, ఎల్లయ్యను తీసుకుని దవాఖానకు పోయారు. రోగుల కోసం నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. నేను ఒక్కొక్కరి పేరూ చెప్పి వేడుకుంటున్నాను. సుగుణ కుటుంబం దగ్గరికి వచ్చేసరికి ఆత్మ నన్ను కదిలించింది, ఏడుపు వచ్చింది, ఏమంటున్నానో తెలియకుండానే అనేశాను: ప్రభువా, నీ బిడ్డ ఎల్లయ్య తన అన్న పోశం పేరు మీద ఇరవై ఏళ్ళు బాయిలోకి దిగాడు, ఆ అబద్ధపు బరువు ఆ ఇంటి మీది నుంచి తీసెయ్యి తండ్రీ. అందరూ ఆమేన్ అన్నారు.

ఇది నేను పాస్టరుగారికి చెప్పిన తీరు. శాంతమ్మకు చెప్పిన తీరు. సుగుణకు చెప్పిన తీరు. చెప్పీ చెప్పీ కొన్నాళ్ళు నేనే నమ్మాను.

జరిగింది ఇది.

ఆ రోజు కూడికకు ప్రకాశం సారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. బాయి ఆఫీసులో కార్మికుల కాగితాలు చూసే గుమాస్తా. ఇంటి కూడికలకు ఎప్పుడో గాని రాడు. ఒక్క తప్పుడు కాగితం కూడా తన చేతి మీదుగా పోనివ్వడని పేరు. అబద్ధం చూసి ఊరుకుంటే అందులో తానూ పాలు పంచుకున్నట్టేనని సంఘంలో ఎన్నిసార్లు అన్నాడో. ఆయన వచ్చినప్పుడు నేను చూశాను. ప్రార్థన మధ్యకు వచ్చేసరికి ఇంకా ఉన్నాడో లేచి వెళ్ళాడో నాకు తెలియదు. సుగుణ పేరు వచ్చేసరికి ఆగాను. ఏడుపు వచ్చి ఆగాననుకున్నారు అందరూ. తల మీది కొంగు కింద కళ్ళు తెరిచాను. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన ఉన్నాడు. చేతులు జోడించి, తల వంచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని. గదిలో అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. నావి తప్ప.

మళ్ళీ మూసుకున్నాను. తర్వాత అన్నాను.

ఆత్మ కదిలించలేదు. ఏడుపు మాత్రం నిజం. ఎందుకు ఏడ్చానో నాకే తెలియదు.

పాపమంటే దారి తప్పడం అని ప్రసంగాల్లో విన్నాను. నేను దారి తప్పలేదే. దారి మీద నిలబడే చేశాను. సినిమా హాల్లోనో కల్లు దుకాణంలోనో కాదు, ప్రార్థనలో చేశాను, ప్రభువా అని పిలుస్తూ చేశాను. ఇంకొక మనిషి నీతిమంతుడని తెలిసి, ఆయన నీతిని పనిముట్టు చేసుకున్నాను. ఆయన పోయి ఆఫీసులో చెప్పాడా? నాతో ఎప్పుడూ అనలేదు. కానీ ఆ తర్వాత ఇంటి కూడికలకు రాలేదు, ఏడాదికి కొత్తగూడెం బదిలీ అయిపోయాడు. చెప్పి ఉంటే, తన మనస్సాక్షి కోసం చెప్పాడు. నేను దేని కోసం చెప్పాను? మా బాపు అనేవాడు, చెయ్యి కదిలేకంటె ముందుగాల లోపల ఒకటి తల ఊపుతది బిడ్డా, పాపం గదే, తర్వాతయన్ని దాని పిల్లలు అని. కొంగు కింద నేను తల ఊపిన ఆ ఒక్క క్షణం గురించి మీకు చెప్తున్నాను. దాని పిల్లల సంగతి ఊరందరికీ తెలుసు.

రెండు వారాలు తిరగకముందే విచారణ అన్నారు. ఊరి నుంచి సర్టిఫికెట్లు తెమ్మన్నారు. అసలు పోశం ఊళ్ళో చెలక దున్నుకుంటూ బతికే ఉన్నాడని తేలింది. డాక్టర్ల దగ్గరికి పోవలసిన కాగితాలు ఆగిపోయాయి. మనిషిని పనిలోంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు.

ఖాళీ చేసిన రోజు వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానిస్తారేమోనని వెళ్ళాను. వాళ్ళను చూడాలని కూడా వెళ్ళాను. రెండూ నిజమే. వాకిట్లో ట్రాక్టరు నిలబడి ఉంది. సుగుణ బిందెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తాడుతో కడుతోంది. ఎల్లయ్య మంచం కోళ్ళు పట్టుకుని ఆయాసంతో నిలబడ్డాడు. నన్ను చూసి ఆయనే ముందు పలకరించాడు.

"రా వదినె. ఇగ సంబురంగ ఎల్లయ్యా అని పిలువు. ఇరువై ఏండ్లు నా పేరు దాచివెట్టి, మొన్ననే వాపస్ ఇచ్చిండ్రు."

"ఊకోరాదు, దగ్గొస్తది" అంది సుగుణ.

"రానీ. ఇప్పుడొచ్చే దగ్గు నా సొంతం. ఇన్నొద్దులు పోశం దగ్గు దగ్గిన."

సుగుణ చేతులు పట్టుకున్నాను. తప్పయిపోయింది సుగుణా, ప్రార్థనలో అన్నాను, నాకు తెలియలేదు అన్నాను. ఆమె నా కళ్ళు తుడిచింది. తన కొంగుతో.

"నీ మీద నాకు కోపం లేదక్కా. నువ్వు దేవుని ముందల అన్నవు. మనుషుల చెవులవడ్డది, గంతే. నోరు జారింది. నోరు జారనోళ్లు ఎవ్వలున్నరు?"

"అయినా సుగుణా..."

"నువ్వెందుకు ఏడుస్తవు? కొట్టింది దేవుడు. అబద్ధం పేరుతోని తిన్నం, కొట్టిండు. నీ నోరు ఆయన వాడుకున్నడు. నువ్వు నిమిత్తం."

అప్పుడు చెప్పి ఉండవలసింది. సుగుణా, నేను కళ్ళు తెరిచి చూశాను అని. ఐదారు మాటలు. ట్రాక్టరు అతను తొందరపెట్టాడు, ఆమె బిందెలు అందించింది, నేను పట్టుకుని పైకి ఎక్కించాను. నేను చెయ్యని తప్పుకు ఆమె క్షమించింది. నేను చేసిన తప్పు అట్లానే ఉంది. ఇంకా ఘోరం ఏమిటంటే, వెళ్ళేటప్పుడు నా గుండె తేలికైంది. దేవుడే కొట్టాడట. అయితే నేను కాదు.

ఎక్కడో ఒక మూల ఇది అబద్ధమని తెలిసి కూడా దాని మీదే బతికాను. ఊరికి పోయాక కూడా వాళ్ళు ఆదివారాలు మా సంఘానికే వచ్చేవాళ్ళు. ఎల్లయ్య సొంత పేరుతోనే బాప్తిస్మం తీసుకున్నాడు. పేర్ల పుస్తకంలో ఆ పేరు నేనే రాశాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి. దేవుడు శిక్షించి శుద్ధి చేశాడని పాస్టరుగారు అందరి ముందూ చెప్పారు. సుగుణ కూడా సాక్ష్యం చెప్పేది, మా అబద్ధానికి ప్రభువు మమ్మల్ని కొట్టి దారిలో పెట్టాడని. అందరూ స్తోత్రం అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని. ఒక స్త్రీ నేను చేసిన పనికి దేవుడికి భయపడుతుంటే, పక్కన కూర్చుని నేను స్తోత్రం అన్నాను.

వాళ్ళు ఊళ్ళో అన్న ఇంటి పక్కన గుడిసె వేసుకున్నారు. సుగుణ కూలికి పోయింది. కిరణ్ పక్క ఊళ్ళో ఇటుకల బట్టీలో చేరాడు. మూడేళ్ళకు ఎల్లయ్యకు చివరి రోజులు వచ్చాయని కబురొస్తే చూడ్డానికి వెళ్ళాను. మంచంలో మనిషి కనిపించడం లేదు, గొంగడి మాత్రమే ఉన్నట్టుంది. సుగుణ నీళ్ళకు పోయినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. దేవుడు ఇగనన్నా నన్ను మాఫ్ చేసిండంటవా వదినె అని అడిగాడు. చేశాడు తమ్ముడూ అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తనను కొట్టినవాడి దగ్గరికే పోతున్నానని నమ్మి పోయాడు. నాలుగో రోజు మట్టి చేశారు.

నేను కాగితం కొట్టెయ్యలేదు, ఎవరినీ చేత్తో తాకలేదు. ఒక మనిషికి దేవుడిని భయంకరంగా చేశాను. ఇంతకంటే పెద్ద పాపం ఏదైనా ఉందా? మీకు తెలిస్తే చెప్పండి. నా దగ్గర చెప్పేవాళ్ళు లేరు.

మొన్న తెలంగాణ వచ్చిందని కాలనీ అంతా గులాల్ చల్లుకున్నారు. ఆ తర్వాతి వారం సుగుణ వచ్చింది. జుట్టు నెరిసింది. మారుపేర్ల వాళ్ళ పిల్లలకు కొత్త ప్రభుత్వం ఏదో దారి చూపిస్తుందని ఊళ్ళల్లో మాట పుట్టిందట. నిజమో కాదో తెలియదు. కిరణ్ దరఖాస్తు పెడతానంటున్నాడట. ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు, ఇప్పటికీ బట్టీలోనే. సుగుణ ఒప్పుకోవడం లేదు.

"వద్దన్ననక్కా. ఒకపాలి దేవుడు కొట్టిండు. మళ్ల గా పేరు జోలికి పోతే పోరన్ని కొడ్తడు. నువ్వు జెర నచ్చజెప్పు, నీ మాట ఇంటడు."

నా కొడుకు ఆటో తోలినందుకు నేను చేసిన పని, ఆమె కొడుకు నోటి ముందు ఇప్పటికీ అడ్డం నిలబడి ఉంది. చాయ పోసి ఇచ్చాను. ఇచ్చి, ఎదురుగా కింద కూర్చున్నాను.

కొట్టింది దేవుడు కాదు సుగుణా అన్నాను. నేను.

అంతా చెప్పాను. ప్రకాశం సారు కుర్చీ, కొంగు, కళ్ళు తెరవడం, కిరణ్‌కు పని వస్తుందని నాకు పుట్టిన మంట. ఏ మాటకూ మెత్తటి మాట అడ్డం పెట్టలేదు. చెప్పడానికి చాయ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పదకొండేళ్ళు దాచింది ఇంత చిన్నదా అని నేనే విస్తుపోయాను.

ఆమె ఒకటే అడిగింది.

"మా ఆయన పోయేముందు నిన్ను అడిగిననాడు... అప్పుడు గుడ నీకు ఎరుకేనా?"

"ఎరుకే" అన్నాను.

లేచింది. గ్లాసు తీసి పక్కకు పెట్టింది, కాలికి తగలకుండా. చెప్పులు వేసుకుంది. నన్ను చూడలేదు. గడప దాటి, ఎండలో బస్టాండు వైపు నడిచింది. నేను వెనక పోలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే ఇస్తుందని భయమేసింది. ఆమె అసుంటి మనిషి. ఇంకొకసారి ఆమె మంచితనాన్ని వాడుకోవడం నావల్ల కాలేదు.

ఇప్పటికి నెల దాటింది. ఆమె రాలేదు. కిరణ్ దరఖాస్తు పెట్టాడో లేదో తెలియదు, అడిగే మొహం లేదు. పేర్ల పుస్తకం పాస్టరుగారికి తిరిగి ఇచ్చేశాను. ఎందుకని అడిగితే, ఆదివారం సంఘంలో చెప్తానన్నాను. చెప్పగలనో లేదో. దేవుడు క్షమించాడా? ప్రార్థనకు కూర్చుంటే మాట పెగలడం లేదు, ఊరికే కూర్చుంటున్నాను. ఆయన కూడా ఏమీ అనడం లేదు.

కానీ సుగుణకు తెలుసు. ఈ భూమ్మీద నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి, ఇప్పుడు తెలియవలసిన మనిషికి తెలుసు. ఆమె నన్ను తిట్టుకుంటూ ఉండవచ్చు. తిట్టుకోనీ. దేవుడికి భయపడడం మానేసి నన్ను తిట్టుకుంటోందంటే అదే నాకు చాలు. దానితోనే కాస్త ఊపిరి ఆడుతోంది.